ఒకే స్లైస్‌కి రెండు ఫ్రాక్టల్ డైమెన్షన్లు ఎందుకొస్తున్నాయి?

ఎముక మైక్రో సీటీ స్లైస్‌ (ఎక్స్-రేలతో తీసిన సూక్ష్మమైన అడ్డుకోత చిత్రం) ఒక్కదానికే బాక్స్ కౌంటింగ్ చేస్తే, అంటే చిత్రం మీద వేర్వేరు సైజుల గళ్ల వల వేసి ఎముక పడిన గళ్లని లెక్కిస్తే, ఫ్రాక్టల్ డైమెన్షన్ (అల్లిక ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె) ఒకసారి 1.5, ఇంకోసారి 1.8 వస్తోందన్నారు కదా, టెన్షన్ పడకండి. సాఫ్ట్‌వేర్‌ని అనుమానించే ముందు మీరు వేసిన గళ్ల సైజులు చూడండి. ఎముక లోపలి స్పాంజి భాగంలో ట్రబెక్యులే అనే సన్నని కమ్మీలు ఉంటాయి. మనిషిలో వాటి మందం సుమారు 100 నుంచి 200 మైక్రోమీటర్లు. అంతకన్నా చిన్న గళ్లు వేస్తే అల్లిక లెక్కలోకి రాదు, కమ్మీ లోపలి నిండు భాగమే వస్తుంది. గడి సైజు తగ్గేకొద్దీ లెక్క ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే వాలు, అంటే మీకొచ్చే డైమెన్షన్, 2 వైపు జరుగుతుంది. మరీ పెద్ద గళ్లయితే ప్రతి గడిలోనూ ఎంతో కొంత ఎముక పడుతుంది, మళ్లీ 2 వైపే.

కాబట్టి గడి సైజు, గళ్ల లెక్క రెండిటి లాగరిథమ్‌లతో లాగ్-లాగ్ గ్రాఫ్ గీసి, మధ్యలో గీత తిన్నగా ఉన్నంత మేరకే వాలు తీయండి. తిన్నటి భాగం చాలా చిన్నదిగానే ఉంటుంది, ఎందుకంటే ఎముక నిజమైన ఫ్రాక్టల్ కాదు. అందుకే ఏ సైజుల మధ్య కొలిచారో రాయకుండా అంకె ఒక్కటే ఇస్తే నేనైతే నమ్మను.

థ్రెషోల్డ్ పద్ధతి (చిత్రంలో ఏది ఎముకో, ఏది కాదో తేల్చేది), రిజల్యూషన్ అన్ని శాంపిళ్లకీ ఒకటే ఉంచండి. చిత్రంలోంచి ఎముక బయటి గట్టి పొరని కత్తిరించేయండి. గళ్ల వలని కాస్త జరిపి కొన్నిసార్లు లెక్కించి, ప్రతి సైజుకీ అతి తక్కువ లెక్క తీసుకోండి. అన్నట్టు, త్రీడీలో వచ్చే విలువ 2కీ 3కీ మధ్య ఉంటుంది, దాన్ని మీ స్లైస్ విలువతో పోల్చకండి.