నాన్న ఇంట్లో ఉంటూ నాన్నకే అద్దె కడితే హెచ్‌ఆర్‌ఏ వస్తుందా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. ఇల్లు నాన్నగారి పేరు మీద ఉంది, ఆయన టీచర్‌గా రిటైరయ్యారు. కింద అమ్మానాన్న, పైన నేను, నా భార్య, బాబు ఉంటాం. నా జీతం ఏడాదికి 18 లక్షలు. బేసిక్ నెలకు 60 వేలు, హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె కోసం జీతంలో ఇచ్చే భత్యం) 24 వేలు. ఆఫీసులో చాలామంది అమ్మ పేరు మీదో నాన్న పేరు మీదో రెంట్ రిసీట్లు పెట్టి పన్ను తగ్గించుకుంటున్నారు, నువ్వొక్కడివే అమాయకుడివి అంటున్నారు. నెలకు 25 వేలు అద్దె చూపిద్దామనుకుంటున్నాను. డబ్బు నిజంగా పంపాలా? ఒకే ఇంట్లో ఉంటే ఒప్పుకుంటారా? నాన్నకి పెన్షన్ 45 వేలు, డిపాజిట్ల మీద ఏడాదికి లక్ష వడ్డీ వస్తాయి, ఆయనకి పన్ను పడుతుందా? నాకో చెల్లెలుంది, రేపు ఆస్తి దగ్గర దీనివల్ల ఏమైనా ఇబ్బంది వస్తుందా?

జవాబు: వస్తుంది. తల్లిదండ్రులకు అద్దె కట్టి హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు తీసుకోకూడదని చట్టంలో ఎక్కడా లేదు. కానీ మీరు రాసిన అంకెలు చూస్తే అసలు మీకు దాంతో పనే లేదనిపిస్తోంది. అందుకే ముందు లెక్క చూద్దాం, తర్వాత మిగతా ప్రశ్నలు. ఇవన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరం లెక్కలు.

హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు పాత పన్ను విధానంలోనే (మినహాయింపులు ఎక్కువ, పన్ను రేట్లూ ఎక్కువ) ఉంది. కొత్త విధానంలో (రేట్లు తక్కువ, మినహాయింపులు దాదాపు లేవు) లేదు, నాన్నకి కట్టినా బయటివాళ్లకి కట్టినా లేదు. పాత విధానంలో మూడు అంకెల్లో ఏది తక్కువైతే అదే వస్తుంది: మీకొచ్చే హెచ్‌ఆర్‌ఏ, బేసిక్‌లో 40 శాతం, కట్టిన అద్దెలోంచి బేసిక్‌లో పదో వంతు తీసేయగా మిగిలింది. (ఆ 40 శాతం ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నైలో ఉండేవాళ్లకి 50. హైదరాబాద్ ఇంత పెరిగినా 2025-26 లెక్కలకి ఆ నాలుగింటి సరసన లేదు.) మీకు మొదటి రెండూ 2,88,000. మూడోది 3 లక్షల అద్దెలోంచి 72 వేలు పోగా 2,28,000. కాబట్టి మీకొచ్చేది 2,28,000.

మిగతా పొదుపుల సంగతి మీరు రాయలేదు కాబట్టి మీ తరఫున కాస్త ధారాళంగానే వేసుకుంటున్నాను. 80సీ కింద (పీఎఫ్, ఎల్‌ఐసీ లాంటి పొదుపులకి) లక్షన్నర పూర్తిగా, మీ కుటుంబం ఆరోగ్య బీమాకి 25 వేలు, అమ్మానాన్నల బీమాకి 50 వేలు, స్టాండర్డ్ డిడక్షన్ (జీతం, పెన్షన్ వచ్చేవాళ్లకి ఏ రుజువూ లేకుండా తీసేసేది) 50 వేలు, వృత్తి పన్ను 2,400. హెచ్‌ఆర్‌ఏతో కలిపి మొత్తం 5,05,400. పన్ను పడే ఆదాయం 12,94,600కి దిగుతుంది, సెస్సుతో (పన్ను మీద అదనంగా వేసే 4 శాతం) కలిపి కట్టాల్సింది సుమారు 2,08,900.

ఇప్పుడు కొత్త విధానం. 18 లక్షల్లోంచి స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు తీసేస్తే 17.25 లక్షలు, దాని మీద పన్ను, సెస్సు కలిపి 1,50,800. అంతే. రిసీట్లు లేవు, అగ్రిమెంట్ లేదు, నాన్న పాన్ అక్కర్లేదు, అయినా 58 వేలు తక్కువ.

మరి మీ ఆఫీసువాళ్లు మిగిలిందంటున్నది ఎక్కడిది? వాళ్లు పాత విధానంలోనే ఉండి, అద్దె చూపించకముందు పన్నునీ చూపించాక పన్నునీ పోల్చుకుంటున్నారు. అలా చూస్తే మీలాంటి జీతానికి 71 వేలు తగ్గినట్టే కనిపిస్తుంది. పక్కనే కొత్త విధానానికి మారితే ఏమీ చూపించకుండానే లక్షా ఇరవై తొమ్మిది వేలు తగ్గుతుందని ఎవరూ లెక్క వేసుకోవడం లేదు. 2023-24 నుంచి కొత్త విధానమే డిఫాల్ట్, మీరేమీ ఎంచుకోకపోతే కంపెనీ దాని ప్రకారమే టీడీఎస్ (చేతికి ఇచ్చేముందే కోసే పన్ను) కోస్తుంది, కాబట్టి మీరు ఇప్పటికే అందులో ఉండి ఉండొచ్చు. ఒకసారి పే స్లిప్ చూసుకోండి. 'అమాయకుడు' అన్నవాళ్ల కంటే మీరే తక్కువ కడుతూ ఉండే అవకాశం చాలా ఉంది.

అద్దె పెంచితే? 30 వేలు కడితే హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు 2,88,000కి చేరి అక్కడ ఆగిపోతుంది, ఆపైన ఎంత కట్టినా పెరగదు. ఎన్‌పీఎస్‌లో (జాతీయ పెన్షన్ పథకం) ఇంకో 50 వేలు వేశారనుకుందాం, మినహాయింపులు మొత్తం 6,15,400. కానీ మీ జీతానికి పాత విధానం లాభం కావాలంటే మినహాయింపులన్నీ కలిపి సుమారు 6,92,000 దాటాలి. ఇంకా 76 వేలు తక్కువే. పన్ను తగ్గుతుందని ఎన్‌పీఎస్‌లో డబ్బు ఇరికించి, నాన్న చేత రిటర్న్ వేయించి, ఇంత హైరానా పడ్డాక కూడా నష్టమే.

మీరు నాన్నగారికి నెలకు 25 వేలు ఇవ్వాలనుకుంటే, లేదా ఇప్పటికే ఇస్తుంటే, ఇవ్వండి. దానికి అద్దె అని పేరు పెట్టకండి. కొడుకు తండ్రికి ఇచ్చే డబ్బు మీద తండ్రికి పన్ను లేదు, ఎంతైనా సరే. అదే డబ్బుకి అద్దె అని పేరు పెట్టారో, ఆయన ఆదాయం అయిపోతుంది. మీకు పైసా తగ్గనప్పుడు ఆయన ఆదాయం పెంచడం దేనికి?

అయితే ఈ జవాబు చదివేవాళ్లందరి లెక్కా మీలాగే ఉండదు. ఇదే 18 లక్షల జీతగాడికి విశాఖలో సొంత ఫ్లాట్ ఉండి, ఉద్యోగం హైదరాబాద్‌లో కావడంతో అది ఖాళీగా ఉంది, దాని హోమ్ లోన్ మీద ఏడాదికి 2 లక్షలు వడ్డీ కడుతున్నాడు అనుకోండి. ఇక్కడ అమ్మ ఇంట్లో ఉంటూ 30 వేలు అద్దె కడితే, ఎన్‌పీఎస్ లేకుండానే మినహాయింపులు 7,65,400 అవుతాయి, పాత విధానంలో సుమారు 23 వేలు మిగులుతాయి. అలాంటివాళ్ల కోసం, ఆ ఫ్లాట్ రేపు మీరూ కొంటారేమో కాబట్టి మీ కోసం కూడా, మిగతా ప్రశ్నలకి వివరంగా చెబుతాను.

డబ్బు నిజంగా పంపాలా అన్నారు. పంపకపోతే అది అద్దె కాదు, దొంగ బిల్లు. మెతకగా చెప్పడానికి ఇందులో ఏమీ లేదు. నెలనెలా మీ ఖాతా నుంచి నాన్న ఖాతాకి వెళ్లాలి, వెళ్లింది ఆయన దగ్గరే ఉండాలి. అయిదో తారీఖున పంపి ఏడో తారీఖున అదే మొత్తం మీ భార్య ఖాతాలోకి వెనక్కి రప్పించుకుంటే, రెండు బ్యాంకు స్టేట్‌మెంట్లు పక్కపక్కన పెట్టి చూసే ఏ అధికారికైనా అయిదు నిమిషాల పని. 2017లో ముంబయి ఆదాయపు పన్ను ట్రిబ్యునల్ ముందుకి ఇలాంటి కేసే వచ్చింది. ఒక ఉద్యోగిని తల్లికి నగదుగా అద్దె ఇచ్చానన్నారు, రిసీట్లు చూపించారు. అగ్రిమెంట్ లేదు, అపార్ట్‌మెంట్ సొసైటీకి చెప్పిన కాగితం లేదు, కరెంటు బిల్లు కూడా ఆమె కట్టినట్టు లేదు, తల్లి రిటర్న్ వేయలేదు, పైగా ఆ ఉద్యోగినికి సొంత ఇల్లు ఉంది, భర్తా కూతురూ అందులోనే ఉంటున్నారు. మినహాయింపు మొత్తం కొట్టేశారు. అదే 2013లో అహ్మదాబాద్ ట్రిబ్యునల్ భార్య ఇంటికి భర్త కట్టిన అద్దెని సరేనంది, ఎందుకంటే అక్కడ డబ్బు నిజంగానే చేతులు మారింది. చుట్టరికం ఉందని ఎవరూ తీసేయరు. అద్దె నిజంగా కట్టినట్టు రుజువు ఉండాలి, అంతే.

ఒకే ఇంట్లో ఉంటే ఒప్పుకుంటారా అన్నది మంచి ప్రశ్న. ఇంటి యజమాని అదే ఇంట్లో మీతో ఉండకూడదన్న నిషేధం మన దగ్గర లేదు. మీది పైన వేరే పోర్షన్ కాబట్టి ఇంకా నయం, అగ్రిమెంట్‌లో 'మొదటి అంతస్తు' అని స్పష్టంగా రాయించండి, వేరే కరెంటు మీటర్ ఉంటే ఆ బిల్లు మీరే కట్టండి. అద్దె కూడా మీ వీధిలో అలాంటి పోర్షన్‌కి పలికేంతే ఉండాలి. పక్కింట్లో 18 వేలకి దొరికేది మీ నాన్నగారి దగ్గర 30 వేలయితే ఎవరైనా అడుగుతారు.

ఇంట్లో మీ వాటా ఉండకూడదు, ఇది చాలామంది మర్చిపోతారు. లోన్ కోసమో ఇంకోదాని కోసమో రిజిస్ట్రేషన్‌లో మీ పేరు కూడా రాయించి ఉంటే మీ సొంతింటికి మీరే అద్దె కట్టుకున్నట్టు అవుతుంది, అది కుదరదు. డాక్యుమెంట్ తీసి చదవండి, 'నాన్న పేరు మీదే ఉంది' అని నోటిమాటగా అనుకోకండి.

ఏడాది అద్దె లక్ష దాటితే ఇంటి యజమాని పాన్ కంపెనీకి ఇవ్వాలి. ఆ పాన్ ఇచ్చిన దగ్గర్నుంచీ మీరు కట్టానన్నదీ ఆయన తీసుకున్నానన్నదీ శాఖ పోల్చి చూసుకోగలదు. అద్దె చూపించకుండా పాన్ మాత్రం ఇచ్చే నాన్నల వల్లే కొడుకులకి నోటీసులు వస్తున్నాయి. 2025 జులైలో ఆదాయపు పన్ను శాఖ దొంగ మినహాయింపులతో రిటర్నులు వేసిపెట్టే ఏజెంట్ల మీద దేశంలో 150 చోట్ల సోదాలు చేసింది, వాటిలో హెచ్‌ఆర్‌ఏ కూడా ఉంది. లేని అద్దె చూపించి దొరికితే ఎగ్గొట్టిన పన్నుకి తోడు దానికి రెట్టింపు, అంటే 200 శాతం దాకా పెనాల్టీ వేయొచ్చు, వడ్డీ వేరే. ఇంకో మాట, నెలకి 50 వేలు దాటిన అద్దెకి మీరే 2 శాతం టీడీఎస్ కోసి కట్టాలి, నాన్నైనా సరే. మీకది వర్తించదు.

నాన్నగారి పన్ను సంగతి. అద్దె 3 లక్షల్లోంచి ఆయన కట్టిన ఇంటి పన్నులో మీ పోర్షన్ వాటా, మిగిలినదాంట్లో 30 శాతం తీసేస్తారు, అంటే రమారమి 2.1 లక్షలే ఆదాయం. పెన్షన్ 5.4 లక్షల్లోంచి 75 వేలు పోతే 4.65 లక్షలు, వడ్డీ లక్ష. మొత్తం 7.75 లక్షలు. కొత్త విధానంలో 12 లక్షల దాకా రిబేటు (పన్ను మాఫీ) ఉంది కాబట్టి పన్ను సున్నా. కానీ రిటర్న్ వేయాలి, అద్దె అందులో చూపించాలి, 'పన్నే లేనప్పుడు ఎందుకురా' అని ఆయన అన్నా సరే. పాత విధానం ఎంచుకుంటే మాత్రం, వేరే పొదుపులేవీ లేకపోతే, అరవై వేల పైన పడుతుంది. ఆయన రిటర్న్ ఎవరు వేస్తున్నారో వాళ్లకి ఇది ముందే చెప్పండి.

ఇక చెల్లెలి మాట. మీరు కట్టే అద్దె నాన్నగారి సొమ్ము. ఆయన అందులోంచి మీ చెల్లెలికి ఇచ్చుకుంటారో, సీనియర్ సిటిజన్ స్కీమ్‌లో వేసుకుంటారో ఆయన ఇష్టం. కిరాయి కడుతున్నందువల్ల మీ వాటా తగ్గదు, పెరగదు. నిజం చెప్పాలంటే అగ్రిమెంట్ రాసుకోవడం మీ కంటే ఆమెకే మేలు. 'పై అంతస్తు ఇన్నేళ్లూ మా దగ్గరే ఉంది, అది మాదే' అనే వాదన ఇళ్లలో ఎలా మొదలవుతుందో మీకు తెలుసు, మీరు అద్దెకి ఉన్నట్టు మీ సంతకంతోనే కాగితం ఉంటే ఆ వాదన లేవదు. ఒకవేళ ఆ పై అంతస్తు కట్టడానికి డబ్బు మీరు పెట్టి ఉంటే మాత్రం (మీరు రాయలేదు, కానీ ఇలాంటి ఇళ్లలో ఇది మామూలే), అద్దె అగ్రిమెంట్ కంటే ముందు ఆ సంగతి నాన్నగారి వీలునామాలో తేల్చుకోవాలి. చెల్లెలికి తెలియకుండా మాత్రం ఏదీ వద్దు.

ఇప్పుడు చేయాల్సిందల్లా ఒకటే. కంపెనీ జనవరిలో ప్రూఫులు అడిగినప్పుడు అద్దె గడి ఖాళీగా వదిలేసి, కొత్త విధానంలో ఉన్నారో లేదో హెచ్‌ఆర్ విభాగాన్ని అడిగి ఖాయం చేసుకోండి. పొరపాటున పాత విధానంలో టీడీఎస్ కోసేసినా కంగారు లేదు, గడువులోగా రిటర్న్ వేసేటప్పుడు కొత్తది ఎంచుకుంటే ఎక్కువ కట్టింది రిఫండ్‌గా వస్తుంది. హోమ్ లోన్ తీసుకున్న ఏడాది మాత్రం ఈ లెక్క మళ్లీ మొదటి నుంచి వేసుకోండి, అప్పుడు అంకెలు మారతాయి. 2026 ఏప్రిల్ నుంచి వర్తించేది కొత్త ఆదాయపు పన్ను చట్టం కాబట్టి ఆ తర్వాతి లెక్కలకి దాని రూల్స్ కూడా చూసుకోవాలి.