ఇద్దరు చెప్పే ఒకే కోర్సు

ప్రశ్న: నేను చరిత్ర లెక్చరర్‌ని, మా మిత్రుడిది భూగర్భశాస్త్రం. చెరువుల మీద ఉమ్మడి కోర్సు పెడదామంటే మా అటానమస్ కాలేజీ కమిటీ ప్రతిపాదన తిప్పి పంపింది. ఎక్కడ తేడా కొట్టి ఉంటుంది?

జవాబు: చాలావరకు వర్క్‌లోడ్, అంటే ఎవరికి ఎన్ని బోధన గంటలన్న లెక్క దగ్గరే. 3 క్రెడిట్లంటే 45 గంటల బోధన. ప్రతి క్లాసులో ఇద్దరూ ఉంటారా, పంచుకుంటారా అన్నది రాయకపోతే గంటలు ఎవరి ఖాతాలో వేయాలి? ఇద్దరు శాఖాధిపతుల సంతకాలు ముందే తీసుకోండి.

అసలు చిక్కు సిలబస్‌లో ఉంటుంది. మొదటి 7 వారాలు మీరు, మిగతా 8 ఆయన అంటే అది రెండు కోర్సులు కలిపి కుట్టిన బొంత. రామప్ప చెరువునే తీసుకుంటే, 1213 నాటి గుడి శాసనం మీరు చదివించిన వారమే కట్ట మట్టి ఆయన చూపించాలి. పేపర్లు ఇద్దరూ దిద్దండి. మార్కుల్లో తేడా వస్తే ఏం చేస్తారో ప్రతిపాదనలోనే రాయండి. మీ రెండు శాఖల బోర్డ్ ఆఫ్ స్టడీస్‌ల (సిలబస్ చూసే కమిటీల) ఆమోదం వచ్చాకే, కాలేజీ మొత్తానికి కోర్సులు ఆమోదించే అకడమిక్ కౌన్సిల్‌కు పంపండి.