నీళ్ళలో ఆగిన కారు: ఆ తాళం ముట్టుకోకండి

మీరు అడిగింది ఇది: నిన్న రాత్రి మోకాలి లోతు నీళ్ళలో కారు ఆగిపోయింది, నలుగురి చేత తోయించి సెల్లార్‌లో పెట్టాను, నీళ్ళు ఆరిపోయి ఉంటాయి కదా, ఇప్పుడు స్టార్ట్ చేసి చూడొచ్చా అని.

వద్దండి. ఒక్కసారి కూడా వద్దు. ఆ 'ఒక్కసారి చూద్దాం' నాకు ఎంతకు పడిందో చెప్తాను.

2020 అక్టోబర్ 13, హైదరాబాద్‌లో కుండపోత. ఆఫీసు నుంచి టోలిచౌకి వైపు వస్తున్నాను. నీళ్ళు ముందు బంపర్ కిందికే ఉన్నాయి, ఫస్ట్ గేర్‌లో మెల్లగా పోతున్నాను. ఎదురుగా ఒక బస్సు జోరుగా వచ్చింది. దాని అల నా బానెట్ మీదుగా పోయింది, బండి ఆగిపోయింది. వెనకాల హారన్లు. టెన్షన్‌లో సెల్ఫ్ కొట్టాను. రాలేదు. మళ్ళీ కొట్టాను. మూడోసారికి స్టార్ట్ అయింది, హమ్మయ్య అనుకునేలోపు టకటకటక అని చప్పుడు చేసి ఆగింది. అంతే.

షెడ్డులో ఇంజిన్ విప్పి మెకానిక్ వంగిన కనెక్టింగ్ రాడ్ చేతిలో పెట్టాడు. ఇంజిన్‌కి గాలి పీల్చే గొట్టం ముందు గ్రిల్ వెనకే ఉంటుంది. అల వచ్చినప్పుడు గాలితో పాటు నీళ్ళనూ పీల్చింది. ఇంజిన్ లోపల పైకీ కిందికీ ఆడే పిస్టన్ పైకి వచ్చినప్పుడు గాలి అణుగుతుంది, నీళ్ళు అణగవు. పిస్టన్ ఆగిపోతుంది, కింద నుంచి క్రాంక్ అనే తిరిగే ఇరుసు తోస్తూనే ఉంటుంది, మధ్యలో ఉన్న రాడ్ వంగుతుంది. డీజిల్ బండి అయితే ఇంకా ప్రమాదం, అందులో గాలిని ఇంకా గట్టిగా నొక్కుతారు కాబట్టి లోపల ఖాళీ తక్కువ, కొద్ది నీళ్ళు చాలు.

చాలామంది సైలెన్సర్ గురించి భయపడతారు. ఇంజిన్ నడుస్తున్నంతసేపూ పొగ బయటికి తోస్తూనే ఉంటుంది, అటు నుంచి అంత భయం లేదు. ఆగిపోయాకే ఆ దారిన నీళ్ళు వెనక్కి వస్తాయి. అసలు చూసుకోవాల్సింది ముందు వైపు.

ఇన్సూరెన్స్ సర్వేయర్ నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "ఆగాక మళ్ళీ సెల్ఫ్ కొట్టారా?" నిజం చెప్పాను. వరదలో తడిసినందుకు మామూలు పాలసీ వర్తిస్తుంది కానీ, నీళ్ళలో ఇంజిన్ తిప్పి పాడు చేసుకుంటే అది మన చేజేతులా చేసుకున్న నష్టం కింద లెక్క. ఇంజిన్ ప్రొటెక్ట్ అని విడిగా కవర్ తీసుకోవాలి, నాకు లేదు. జీరో డెప్ (పాతబడినందుకు కోత లేకుండా విడిభాగాల డబ్బు ఇచ్చే కవర్) ఉంటే అన్నీ వస్తాయనుకునేవాణ్ణి, అది వేరు, ఇది వేరు. లక్ష పైనే జేబులోంచి పోయింది.

2024 సెప్టెంబర్‌లో విజయవాడలో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో మా బావ కారు ఇంటి ముందే సీట్ల దాకా మునిగింది, రోజుల తరబడి. ఫోన్ కలవగానే నేను అన్న మొదటి మాట, "బావా, నీళ్ళు తీశాక కూడా తాళం పెట్టి తిప్పొద్దు." తిప్పలేదు. బ్యాటరీ నెగెటివ్ వైరు తీయించి, బండి మొత్తాన్ని పైకెక్కించుకుని పోయే ట్రక్కులో షెడ్డుకి పంపాడు. ఆయిల్ చూసే పుల్ల, అదే డిప్ స్టిక్, తీస్తే ఆయిల్ పాలు పోసిన కాఫీలా ఉందట, అంటే నీళ్ళు కలిశాయన్నమాట. స్పార్క్ ప్లగ్‌లు విప్పి ఇంజిన్‌ను చేత్తో తిప్పితే ఆ రంధ్రాల్లోంచి బురద నీళ్ళు బయటికి వచ్చాయి. ఆయిల్, ఫిల్టర్ రెండుసార్లు మార్చారు. సీట్లు, కార్పెట్, వైరింగ్‌కి బాగానే ఖర్చయింది కానీ ఇంజిన్ మాత్రం దక్కింది. నాది బంపర్ లోతులో పోయింది, ఆయనది సీట్ల లోతులో దక్కింది. తేడా తాళం తిప్పడంలోనే.

మీరు కూడా ముందు బ్యాటరీ వైరు తీయించండి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచి చూడండి, రెండు క్లిప్పులో నాలుగు స్క్రూలో ఉంటాయి, అంతే. ఫిల్టర్ తడిగా ఉంటే నీళ్ళు లోపలికి వెళ్ళాయనే అనుకోండి. పొడిగా ఉన్నా మెకానిక్ ప్లగ్‌లు విప్పి చూసేదాకా ఆగండి. షెడ్డుకి తాడు కట్టి లాగించొద్దు, ముఖ్యంగా ఆటోమేటిక్ అయితే గేర్‌బాక్స్ కూడా పోతుంది. సాయానికి వచ్చినవాళ్ళు 'గేర్‌లో వేసి తోద్దాం, స్టార్ట్ అవుతుంది' అంటారు, మంచి మనసుతోనే అంటారు, కానీ అది సెల్ఫ్ కొట్టడం లాంటిదే. న్యూట్రల్‌లోనే తోయించండి.

ఇకముందు నీళ్ళు కనిపిస్తే: ముందు పోయే బండి చక్రంలో సగం మునిగిందంటే వెనక్కి తిరిగిపోండి. తప్పనిసరైతే ఫస్ట్ గేర్, ఒకే వేగం, మధ్యలో గేరు మార్చొద్దు, పెద్ద బండి వెనకాలే పోవద్దు. సిగ్నల్ దగ్గర తనంతట తానే ఆగి మళ్ళీ స్టార్ట్ అయ్యే బండి అయితే బటన్ నొక్కి ఆ ఏర్పాటును ముందే ఆపేయండి, నీళ్ళలో ఆగి మళ్ళీ స్టార్ట్ కాకుండా.

సెల్లార్‌లో పెట్టానన్నారు కదా, మళ్ళీ వాన పడితే ఊళ్ళో నీళ్ళన్నీ ముందు చేరేది అక్కడికే. మెకానిక్ వచ్చేలోపు మనుషుల్ని పిలిచి దాన్ని ర్యాంపు పైకి తోయించండి.