డిప్రెషన్‌కి కౌన్సెలింగ్ వల్ల నిజంగా తగ్గుతుందా?

డాక్టర్ మీ తమ్ముడికి మందులు రాసి సైకాలజిస్టు దగ్గరికి కూడా వెళ్ళమన్నారని, ఇంట్లో అమ్మానాన్నలు "మాటలతో జబ్బు తగ్గుతుందా" అంటున్నారని రాశారు. తగ్గుతుందండీ. నాకు తగ్గింది. దయచేసి పంపించండి.

నాకు డిప్రెషన్ వచ్చినప్పుడు ఏడుపు కంటే ఎక్కువగా బాధపెట్టింది ఏ పనీ మొదలుపెట్టలేకపోవడం. స్నానానికి లేవడం కూడా భారమే. ఫోన్ మోగినా ఎత్తేదాన్ని కాదు. మనసు కుదుటపడ్డాక అన్నీ చేద్దాంలే అనిపించేది. మా సైకాలజిస్టు మొదట పట్టుకున్నది ఆ మాటనే. మనసుకు తృప్తినిచ్చే పనులు, పలకరింపులు తగ్గేకొద్దీ మనిషి కుంగిపోతాడని, కుంగేకొద్దీ ఇంకా ముడుచుకుపోతాడని 1970ల్లో పీటర్ లెవిన్‌సన్ అనే అమెరికన్ సైకాలజిస్టు వివరించారు. అందుకే మనసు బాగయ్యేదాకా ఆగకుండా ముందు పని మొదలుపెట్టిస్తారు. దీన్నే బిహేవియరల్ యాక్టివేషన్ అంటారు.

నాచేత ఒక నోట్‌బుక్ పెట్టించారు. ఏ గంటలో ఏం చేశాను, అప్పుడు మనసు పదికి ఎంత ఉంది, అంతే రాయాలి. కొన్నాళ్ళకి అందులోనే తెలిసిపోయింది: మధ్యాహ్నం మంచం మీద గడిపిన గంటలు అన్నిటికంటే అధ్వానం, పక్కింటి పిన్నిగారితో కూర్చుని పూలు కట్టిన అరగంట కాస్త నయం. ఇక రోజూ సాయంత్రం అయిదింటికి, ఇష్టం ఉన్నా లేకపోయినా, వాళ్ళింటికి వెళ్ళాలని పెట్టుకున్నాం. తర్వాత కూరగాయలు తేవడం. ఆ తర్వాత ఆఫీసు పని, కొంచెం కొంచెంగా.

ఇంకో పద్ధతి కూడా ఉంది. 1960ల్లో ఆరన్ బెక్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు మొదలుపెట్టిన ఆ పద్ధతి ఆలోచనల మీద పనిచేస్తుంది. అక్క ఫోన్ చెయ్యకపోతే "నేను అందరికీ బరువైపోయాను" అనుకోవడం లాంటివి కాగితం మీద పెట్టి, దానికి రుజువేంటని చూడటం. బాగా కుంగి ఉన్నప్పుడు నావల్ల కాలేదు. కాస్త తేరుకున్నాకే పనికొచ్చింది.

మీ నాన్నగారికి గోవా సంగతి చెప్పండి. అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో డాక్టర్లు కాని మామూలు మనుషులకే శిక్షణనిచ్చి, ఆరు నుంచి ఎనిమిది సార్లు ఇలాంటి కౌన్సెలింగ్ ఇప్పిస్తే, తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్ళు కూడా మెరుగయ్యారు. 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది.

కౌన్సెలింగ్ మొదలైంది కదా అని డాక్టర్ని అడగకుండా మందులు మాత్రం ఆపొద్దు. ఇంకొకటి, ఇంతకుముందు ఎప్పుడైనా నిద్ర లేకపోయినా అలసట లేకుండా, ఆగకుండా మాట్లాడుతూ, డబ్బు విపరీతంగా ఖర్చుపెట్టిన రోజులు ఉంటే డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. అది బైపోలార్, అంటే మనసు ఒకప్పుడు విపరీతమైన హుషారుకీ ఒకప్పుడు కుంగుబాటుకీ మారే జబ్బు కావచ్చు. అప్పుడు వైద్యమే మారుతుంది: లిథియం లాంటి మందులే ఆధారం, కౌన్సెలింగ్ వాటికి తోడు. చనిపోవాలనే మాట వస్తే అతన్ని ఒంటరిగా వదలకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

సైకాలజిస్టుని మొదటి రోజే ఏ పద్ధతిలో చేస్తారని అడగండి. ఇంటి దగ్గర చెయ్యాల్సిన పనేమీ ఇవ్వకుండా, ప్రతిసారీ ధైర్యంగా ఉండమని మాత్రమే చెప్పి పంపిస్తుంటే ఇంకొకరిని చూడండి.