లండన్‌లో ఫ్రీ అట, మేం ఎకరం అమ్మాలా?

ప్రశ్న: మాది దేవరకొండ. నాకు 36, ఆయనకు 39. ఇద్దరం ప్రైవేటు స్కూల్ టీచర్లం. పెళ్లై ఎనిమిదేళ్లు, పిల్లల్లేరు. హైదరాబాద్‌లో ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ పద్ధతి) చేయించుకోమన్నారు. లండన్‌లో ఉన్న ఆడపడుచు అక్కడ అంతా ఫ్రీ అంటోంది. అత్తమ్మ ఎకరం అమ్ముదామంటోంది. ఒక ఏజెంటు పది లక్షలకు సరోగసీ (అద్దె గర్భం) చేయిస్తానంటున్నాడు.

జవాబు: అమ్మా, ముందు ఆ ఏజెంటు ఫోన్ ఎత్తకండి. డబ్బిచ్చి సరోగసీ చేయించుకోవడం కాలిఫోర్నియాలో చట్టబద్ధమే. మన దగ్గర 2021 చట్టం ప్రకారం నేరం. చేయించుకున్న దంపతులకూ జైలు ఉంది.

లండన్ మాట సగమే నిజం. అక్కడి మార్గదర్శకాలు 40 ఏళ్లలోపు వాళ్లకు మూడుసార్లు చేయాలంటాయి. ఖర్చు భరించేది మాత్రం స్థానిక ఆరోగ్య బోర్డులు, చాలాచోట్ల ఒక్కసారితో సరిపెడతాయి. ఇజ్రాయెల్ అయితే 45 ఏళ్ల వరకు, ఇద్దరు పిల్లలు పుట్టేదాకా భరిస్తుంది. మన చట్టం ఆడవాళ్లకు 50 ఏళ్ల వరకు ఐవీఎఫ్‌కు అనుమతి ఇస్తుంది, డబ్బు ఇవ్వదు. హెల్త్ పాలసీల్లోనూ ఎక్కువ భాగం సంతానలేమిని మినహాయింపుల్లోనే పెడతాయి. అంటే ప్రైవేటు క్లినిక్‌లో అయితే ఇది మీ జేబులోంచే పోతుంది.

మీరు పంపిన ఎస్టిమేట్ చూశాను. పైన పెద్ద అక్షరాల్లో 1,60,000. కింద చిన్నగా 'ఇంజెక్షన్లు, ఫ్రీజింగ్ అదనం'. ఫ్రీజింగ్ అంటే పిండాలను గడ్డకట్టించి దాచడం. మొత్తం ఎంతవుతుందో రాసి ఇమ్మనండి, క్లినిక్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూపించమనండి. మొదటిసారే నిలబడుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు కాబట్టి రెండుసార్లకు లెక్క వేసుకోండి. సుమారు ఐదు లక్షలు.

దానికి భూమి అమ్మొద్దు. అమ్మిన ఎకరం మళ్లీ కొనలేరు. మొదటిసారికి మీ పది తులాల్లో కొంత బ్యాంకులో కుదువపెట్టండి, పర్సనల్ లోన్ కంటే వడ్డీ తక్కువ. మీ చిట్టీ ఎనిమిది నెలల్లో ముగుస్తుందన్నారు, దాన్ని రెండోసారికి ఉంచండి. తొందరపడి పాట పాడితే నష్టం మీకే.

ఇంకో మాట, కొంచెం కష్టంగానే చెబుతున్నాను. మీ ఫైల్లో స్కాన్లు, రక్తపరీక్షలు, ట్యూబుల పరీక్ష, అన్నీ మీవే. మీ ఆయన కాగితం ఒక్కటీ లేదు. లోపం కోడలిదే అని ఇంట్లో ఎనిమిదేళ్లుగా అనుకుంటున్నారేమో. వీర్యపరీక్ష చవకైనదే, వందల్లో అయిపోతుంది. అది అడగకుండానే ఐవీఎఫ్ చెప్పిన క్లినిక్‌ను నేను నమ్మను. ఈ వారమే చేయించండి. ఆ రిపోర్టు వచ్చేదాకా ఎక్కడా అడ్వాన్స్ కట్టకండి.