ఆస్ట్రేలియా ఆదివాసుల ఊదే వాద్యం డిడ్జెరిడూ. దాన్ని వాయిస్తూ వృత్తిగా నిలబడగలరా?

నిలబడ్డవాళ్లు ఉన్నారు. అందులో విలియం బార్టన్ దారి కాస్త వేరు, ఆర్కెస్ట్రా మధ్యలో కూర్చుని వాయించాడు. 1981లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో, మౌంట్ ఐసా అనే గనుల ఊళ్లో పుట్టిన కల్కడుంగా అనే ఆదివాసి తెగవాడు. బాబాయి వరసయ్యే ఆర్థర్ పీటర్సన్ దగ్గర నేర్చుకున్నాడు. వాయించే మనిషి పోతే ఆ వాద్యాన్ని విరిచేయడం అక్కడి ఆచారం. పీటర్సన్ పోయాక మాత్రం పెద్దలు దాన్ని ఈ కుర్రాడి చేతికిచ్చారు.

పన్నెండేళ్లకే సిడ్నీలో నృత్య బృందాలకు వాయించాడు. టీనేజ్‌లోనే క్వీన్స్‌లాండ్ సింఫనీ ఆర్కెస్ట్రాతో వేదికెక్కాడు.

ఆర్కెస్ట్రాతో వాయించడంలో అసలు చిక్కు ఇక్కడే. చెదపురుగులు లోపల తొలిచేసిన యూకలిప్టస్ కొమ్మే ఈ వాద్యం. ఒక్కో గొట్టానికి ఒకటే మూల స్వరం. మన వేణువులకుండే రంధ్రాలు దీనికి లేవు. శ్రుతి మారితే గొట్టమే మార్చాలి. బుగ్గల్లో గాలి దాచి వదులుతూ అదే సమయంలో ముక్కుతో పీల్చాలి, ధ్వని తెగకూడదు. వినడానికి సులువే, చేసి చూడండి!

స్వరకర్త పీటర్ స్కల్‌థార్ప్ తన రచనల్లో అతనికోసం డిడ్జెరిడూ భాగాలు చేర్చాడు. 2004లో వచ్చిన 'రెక్వియం' అలాంటిదే. నా లెక్కలో బార్టన్‌కి దక్కిన పెద్ద మలుపు అదే. తర్వాత తనే స్వరకర్త అయ్యాడు. 'కల్కడుంగు' ఆల్బమ్‌కి 2012లో ఆస్ట్రేలియా సంగీత పురస్కారమైన ఏరియా (ARIA) అవార్డు వచ్చింది, అదీ క్లాసికల్ విభాగంలో. 2023లో క్వీన్స్‌లాండ్ రాష్ట్రం 'ఆస్ట్రేలియన్ ఆఫ్ ది ఇయర్' గౌరవం ఇచ్చింది.