ఆలస్య రుసుము పడుతున్నప్పుడు లెక్కల మనిషిని మార్చాలా?

మీ దుకాణానికి వరుసగా రెండు నెలలు జీఎస్టీఆర్-3బీకి (అమ్మకాలు, కట్టాల్సిన పన్ను చూపే జీఎస్టీ రిటర్నుకు) ఆలస్య రుసుము పడిందని, లెక్కలు చూసే ఆయన్ను అడిగితే జీఎస్టీ పోర్టల్ పనిచేయలేదంటున్నారని, ఆయన్ను మార్చాలా అని రాశారు. నెలకు ఒకసారి రిటర్ను వేసేవారికి 20వ తేదీ వరకు గడువు ఉంటుంది కనుక, అసలు కారణం బిల్లులు ఆయనకు ఆలస్యంగా చేరడమో, ఆయన చేతిలో పని ఎక్కువ కావడమో అయి ఉంటుంది.

1. గత మూడు నెలల్లో బిల్లులు ఏ తేదీన అప్పగించారో వాట్సాప్‌లో చూడండి. 18న ఇచ్చి ఉంటే ఎవరిని పెట్టుకున్నా ఇదే జరుగుతుంది. 5వ తేదీకే ఇచ్చినా ఆలస్యమైతే, లేదా జీఎస్టీఆర్-2బీతో (మీకు సరుకు అమ్మినవారు చూపిన బిల్లులతో పోర్టల్ ఇచ్చే జాబితాతో) కొనుగోళ్లను సరిపోల్చిన పట్టిక ఆయన చూపలేకపోతే, మార్చడమే మేలు.

2. అందరూ మరిచేది ఇదే: ఆయనకు విషయం చెప్పకముందే, పోర్టల్‌లో నమోదైన ఫోను నంబరు, ఈమెయిలు ఎవరివో చూసుకోండి. ఆయనవైతే ఓటీపీ ఆయనకే వెళుతుంది. (పాత గుమస్తా ఫోను ఎత్తక మూడు రోజులు తిరిగినవాణ్ణి నేను.) లాగిన్ మీ దగ్గరుంటే పోర్టల్‌లోని నాన్-కోర్ సవరణ (ఫోను, ఈమెయిలు వంటి వివరాలు మార్చుకునే వీలు) ద్వారా మార్చుకోవచ్చు, అదీ లేకపోతే పాన్, రిజిస్ట్రేషన్ పత్రాలతో మీ పరిధిలోని జీఎస్టీ అధికారిని కలవండి. ఆదాయపు పన్ను, టీడీఎస్ లాగిన్లనూ ఇలాగే సరిచూసుకోండి.

3. ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) బ్యాకప్ ఫైలును, దాని పాస్‌వర్డును తీసుకోండి, ప్రింట్లు చాలవు.

4. ఒక నెల రిటర్ను వేసిన మర్నాడే మార్పు చేయండి. రోజువారీ బిల్లుల నమోదు దుకాణంలోనే ఉంచుకుని, రిటర్నుల పని మాత్రమే బయటికివ్వండి.